ఇద్దరు లక్ష్మిలు

(రోగి భద్రతా దినం సందర్భంగా ఒడిశాలోని రాయగడలో ఆసుపత్రి సిబ్బంది ముందు ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ ఊళ్లో తెలుగులో మాట్లాడమని పిలిచినందుకు సంతోషం. మన వార్డుల్లో డాక్టరుతో ఒడియా, తోటి సిస్టర్లతో తెలుగు, మందుల పేర్లకు ఇంగ్లీషు, కొండ మీద నుంచి దిగివచ్చిన తల్లితో వచ్చీరాని కువి. గుణుపురం వైపైతే సవర కూడా. ఒక్క డ్యూటీలో ఇన్ని భాషలు! మాట జారిపోవడానికి సందులు కావలసినన్ని.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ సరిహద్దు జిల్లాల్లోనే ఒక ఆసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో ఇద్దరు లక్ష్మిలు ఉండేవారు. ఒకరు పార్వతీపురం వైపు మనిషి, ఒకరు ఒడియా ఆమె. ఒకరికి షుగరు, ఒకరికి జ్వరం. రాత్రి డ్యూటీ మారేటప్పుడు “లక్ష్మికి ఇన్సులిన్ ఇవ్వాలి” అని చెప్పి వెళ్లారు. నేను మందు సిరంజిలోకి తీసుకుని జ్వరం లక్ష్మి చేయి పట్టుకున్నాను. నేల తుడుస్తున్న ఆయా తలెత్తి, “అమ్మా, షుగరు మనిషి ఈవిడ కాదు, కిటికీ దగ్గరావిడ” అంది. చదువు రాని మనిషి. కేసు షీటుతో ఆమెకు పని లేదు, ముఖాలే గుర్తు. రెండు పూటలుగా ఏమీ తినని మనిషికి ఆ సూది పడి ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వచ్చేది.

ఆ వారం మజ్జిగౌరి గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టాను. గండం గడిచిందన్నారు ఇంట్లో. రిజిస్టరులో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఇద్దరు లక్ష్మిలూ మరో నాలుగు రోజులు అదే వార్డులో ఉన్నారు. తరువాతి డ్యూటీ వారికి ఆ సంగతి నేను చెప్పలేదు.

ఆసుపత్రి సిబ్బంది రోగి భద్రత గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 2004లో ఒక ప్రశ్నావళి తయారు చేసింది. 42 ప్రశ్నలు, 12 అంశాలు. తరువాత చాలా దేశాలు దాన్ని వాడాయి. ఎక్కడ అడిగినా దాదాపు ఒకే తీరు: “మా వార్డులో ఒకరికొకరం సాయం చేసుకుంటాం” అన్నదానికి మంచి మార్కులు, “పొరపాటు జరిగితే మమ్మల్నే పట్టుకుంటారేమో” అన్న భయం దగ్గర అధమం. ఈ రెండూ వేర్వేరు సంగతులని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. ఆ రాత్రి నా నోరు కట్టేసింది ఆ ఐకమత్యమే. మన వార్డు మాట గడప దాటకూడదు, ఇన్‌చార్జ్ సిస్టరుకు మెమో రాకూడదు. సాయం చేసుకోవడమంటే దాచిపెట్టుకోవడం కూడా అయింది.

ఆ ప్రశ్నావళిని తెలుగులో అడిగితే ఇంకో చిక్కు ఉంది. “గత 12 నెలల్లో మీరు ఎన్ని తప్పులు తెలియజేశారు?” అంటే ఎవరు నోరు విప్పుతారు? తప్పు అంటే మనకు పొరపాటు మాత్రమే కాదు, నేరం కూడా. పల్లెల్లో పంచాయతీ పెద్దలు వేసే జరిమానాకూ తప్పు అనే పేరు. ఆ మాట చెవిన పడగానే మనిషి చేతులు కట్టుకుని నిలబడతాడు. జవాబు సున్నా. సున్నా చూసి పైవారు మురిసిపోతారు! ఏడాది పొడుగునా ఒక్క పొరపాటూ రాయని ఆసుపత్రి అంటే నాకు భయం.

అందుకే “ఏం జరగబోయి ఆగింది?” అని అడగండి. ఆగిపోయినదాన్ని చెప్పుకోవడానికి అంత సిగ్గుండదు. అడిగేటప్పుడు ఆయాలనూ వార్డు బాయ్‌లనూ వదిలేయకండి. చదవలేనివారుంటే నోటితో అడిగి మీరే రాసుకోండి.

ఇంకొకటి, ఇది చిన్నదే. “మీరు లక్ష్మేనా?” అని అడగకండి. భాష తెలియనివారు, నీరసంగా ఉన్నవారు దేనికైనా తలూపుతారు. “మీ పేరు చెప్పండి” అనాలి. పేరుతో పాటు వయసో, తండ్రి పేరో, ఊరో, రెండో గుర్తు ఒకటి తప్పనిసరి. ఒకే పేరున్నవారిని పక్క పక్క మంచాలపై ఉంచకుండా చూడండి. కుదరకపోతే రెండు కేసు షీట్ల మీదా “ఇదే పేరుతో ఇంకొకరున్నారు” అని ఎర్ర సిరాతో రాయండి.

ఆగిపోయిన సంగతులు రాసే పుస్తకం ఒకటి ప్రతి వార్డులోనూ పెట్టాలని నా ఆలోచన. అందులో రాసేవారి పేరు అక్కర్లేదు. ఎక్కడ పెడితే చేయి వణకకుండా రాయగలరో మీరే చెప్పండి. పెద్ద డాక్టరుగారి గది మాత్రం వద్దు.