ఇంటి చదువుకు తోడెక్కడ? సరిహద్దు తెలుగు తల్లిదండ్రులతో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకుంటున్న తెలుగువాళ్లు ఒడిశా సరిహద్దు జిల్లాల్లోనూ ఉన్నారు. మాలాంటి వాళ్లు దగ్గర్లో ఇంకెవరున్నారు, ఎవర్ని అడగాలి? వాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఇదే. పర్లాకిమిడి నుంచి ఒక తల్లి, రాయగడ నుంచి ఒక తండ్రి, బరంపురంలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు ఇవాళ మనతో ఉన్నారు. పిల్లల క్షేమం కోసం పేర్లు చెప్పడం లేదు. అమ్మా, మీరు మొదలుపెట్టండి.

తల్లి: మా పాప మూడో తరగతిలో ఉండగా మాట్లాడటం తగ్గించేసిందండీ. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, ఆటల్లో ఒడియా. ఏదో తప్పు పలికిందని క్లాసంతా నవ్వారట. అప్పట్నుంచి పొద్దున లేస్తే కడుపునొప్పే. ఏడాది చూసి మాన్పించాం. చదువు ఎలాగో చెప్పుకోగలిగాం, ఒంటరితనమే తట్టుకోలేకపోయాం. పొద్దున పది గంటలు దాటితే వీధిలో ఆడుకోవడానికి ఒక్క పిల్ల ఉండదు. చుట్టాలేమో 'ఫీజు కట్టలేకపోయారా?' అని.

వ్యాఖ్యాత: మరి తోటివాళ్లు ఎలా దొరికారు?

తల్లి: హోమ్‌స్కూలింగ్ అంటే మా ఊళ్లో చాలామందికి అర్థం కాలేదు. అందుకని మాట మార్చాను. పుస్తకాల షాపులో, పిల్లల డాక్టరు దగ్గర, గుళ్లో, 'ఇంట్లో చదువుకునే పిల్లలు ఎవరైనా తెలుసా?' అని అడిగాను. మొదటి కుటుంబం పాతపట్నంలో దొరికింది. రాష్ట్రం వేరే గానీ మాకు పక్క ఊరే. తర్వాత గుణుపురం వాళ్లు. ఆదివారం రైల్లో వస్తారు, మా వసారాలో కూర్చుంటాం. మూడు కుటుంబాలు, ఐదుగురు పిల్లలు. మాకు అది చాలు.

తండ్రి: నేను ఇంటర్నెట్ నుంచి మొదలుపెట్టాను. ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు 'స్వశిక్షణ్' అని దేశవ్యాప్త సంఘం ఒకటుంది. అలాంటి చోట పాతవాళ్ల అనుభవాలు తెలుస్తాయి, ధైర్యం వస్తుంది. కానీ మా అబ్బాయితో క్రికెట్ ఆడాల్సిన పిల్లలు రాయగడలోనే ఉండాలి కదా. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

వ్యాఖ్యాత: చట్టం సంగతేంటి సార్? చాలామందికి అదే టెన్షన్.

తండ్రి: విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ అంటుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇదీ శిక్ష అని ఆ చట్టంలో రాయలేదు. ఇంటి చదువు గురించి విడిగా మాటే లేదు. అందుకే నేను ఎవరికీ 'ఏం పర్లేదు' అని తేలిగ్గా చెప్పను. కాగితాలు మాత్రం జాగ్రత్త చేసుకోమంటాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్, టీసీ, నెలనెలా పిల్లవాడు ఏం నేర్చుకున్నాడో రాసిన నోటుబుక్కు. పదో తరగతికి ఎన్‌ఐఓఎస్ ఉంది, అంటే బడికి వెళ్లకుండానే పరీక్షలు రాయించే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. 14 ఏళ్లు నిండాలి, ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, పూర్తి చేయడానికి ఐదేళ్ల గడువు. తెలుగు మీడియంలోనూ రాయొచ్చు. ఆ ఒక్క మాట వినగానే మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

మాస్టారు: ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఒడిశాలో తెలుగు బడులు నిలబడాలంటే పిల్లలుండాలి. మీలాంటి శ్రద్ధ ఉన్నవాళ్లే బయటికి వచ్చేస్తే మిగిలినవాళ్ల కోసం అడిగేదెవరు? మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణే ఉంది. దాన్ని పట్టుకుని పోరాడాల్సింది మీరే.

తల్లి: నిజమే మాస్టారూ. ఆ బాధ నాకూ ఉంది. కానీ పోరాటం అయ్యేదాకా పాప కడుపునొప్పి ఆగదు కదండీ.

మాస్టారు: (కాసేపు ఆగి) అదీ నిజమేనమ్మా. మన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులు. పై పరీక్షలు ప్రైవేటుగానే కట్టి పాసయ్యారు. ఇక్కడి గిరిజనుల సవర భాష బడిలో నేర్చుకున్నది కాదు, ఆ భాష మాట్లాడేవాళ్ల దగ్గర నేర్చుకున్నారు. తర్వాత సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. పర్లాకిమిడిలో ఉండి 'బడి బయట చదువు రాదు' అని నేనెలా అనగలను?

వ్యాఖ్యాత: సిలబస్ ఏమీ లేకుండా వదిలేసే పద్ధతి, అన్‌స్కూలింగ్ అంటున్నారు. అది కుదురుతుందా?

తల్లి: ఆ మాట తెచ్చింది 1970లలో జాన్ హోల్ట్ అనే అమెరికా టీచరు. వదిలేయడం కాదండీ, పిల్ల వెంట ఉండటం. మా పాప నాతో సంతకు వస్తుంది. చీటీలో వంకాయ అని తెలుగులో రాసి, పక్కన బైగణ అని ఒడియాలో రాస్తుంది. గుమ్మడికాయ పక్కన కఖారు. మొదటి వారం ఒడియా అక్షరం తప్పు రాస్తే కూరలమ్మే అవ్వ పెన్సిల్ తీసుకుని, చీటీ ఒళ్లో పెట్టుకుని దిద్దింది. నవ్వలేదు. పావుకిలో ధర, ముప్పావుకిలో ధర పాపే లెక్క కడుతుంది. లెక్క తప్పితే అవ్వే 'మళ్లీ చూడు' అంటుంది. అన్నీ ఇలా రావు. భిన్నాలకు నేను రోజూ గంట కూర్చోవాల్సిందే.

తండ్రి: మా వాడికి ఇంత స్వేచ్ఛ పనికిరాలేదు. పొద్దంతా ఫోనే. టైమ్‌టేబుల్ పెట్టాకే కుదురుకున్నాడు. ఒకింటి పద్ధతి ఇంకో ఇంట్లో పనిచేయదు. సలహా ఇచ్చేవాళ్ల పిల్లల్ని ఒకసారి కళ్లారా చూసి రండి, ఆ తర్వాతే పాటించండి.

మాస్టారు: అమ్మా, నా దగ్గర పాత తెలుగు వాచకాలు రెండు పెట్టెలున్నాయి. అడిగేవాళ్లు లేక అటక మీద పెట్టాను. ఆదివారం మీ వసారాలోకి తెస్తే, ఒక గంట నేను చెప్పొచ్చా?

తల్లి: అంతకంటేనా మాస్టారూ! పదింటికల్లా వచ్చేయండి. భోజనం మా ఇంట్లోనే.