ఫార్మాట్ చేయమంటే చేసేయకండి

శ్రోతలకు నమస్కారం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు మన విజయనగరంలో ఇళ్లలోనూ, ఫొటో స్టూడియోల్లోనూ ఉన్నాయి. పారేయడమెందుకు, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ వేసుకుందామని కొందరు చూస్తున్నారు. మంచి ఆలోచనే. మరి ఫొటోలూ వీడియోలూ దాచిన పాత హార్డ్ డిస్కుల సంగతి?

డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్‌ది ఎన్‌టీఎఫ్ఎస్. లినక్స్‌లో ఎక్కువగా కనిపించేది ఈఎక్స్‌టీ4. ఒక కరణం రాసిన దస్త్రం ఇంకో కరణానికి అర్థం కాకపోతే భూములు ఎక్కడికీ పోవు, ఏది ఎవరిదో తెలియదంతే. ఇక్కడా అదే జరుగుతుంది. ఈఎక్స్‌టీ4 డిస్కును విండోస్‌కి తగిలిస్తే 'ఫార్మాట్ చేయాలా?' అని, అంటే ఉన్నదంతా చెరిపి కొత్తగా సిద్ధం చేయాలా అని అడుగుతుంది. నాకు చదవడం రాదు అని చెప్పొచ్చు కదా, అలా చెప్పదు! డిస్కు పాడైందన్న టెన్షన్‌లో 'సరే' నొక్కారో, పెళ్లి వీడియోలతో సహా అన్నీ గల్లంతు. క్యాన్సిల్ కొట్టి, ఆ డిస్కును లినక్స్‌లో పెట్టి చూడండి.

ఇటు నుంచి అటు కాస్త నయం. లినక్స్ ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదువుతుంది, రాస్తుంది కూడా. ఒకే కంప్యూటర్‌లో రెండూ ఉంచుకునేవారు మాత్రం విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' తీసేయాలి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, డిస్కులో విండోస్ ఉన్న భాగంలో లినక్స్ రాయలేకపోవచ్చు. ఆపిల్ మ్యాక్ అయితే ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదివి ఊరుకుంటుంది, తనంతట తాను రాయదు.

ఇక పెన్‌డ్రైవ్. ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్ అన్నింటా పనిచేస్తుంది కానీ ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వీడియో 6 జీబీ ఉంటే, 32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా ఎక్కదు. దానికి ఎక్స్‌ఫ్యాట్ మేలు. ఇది 2006లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ దాని వివరాలను 2019లో బయటపెట్టాక లినక్స్‌లోకీ చేరింది, మ్యాక్‌లోనూ నడుస్తుంది. అయితే రాస్తుండగా లాగేస్తే తట్టుకునే ఏర్పాటు ఇందులో తక్కువ. 'ఇజెక్ట్' నొక్కాకే తీయండి.

ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చాలన్నా ఫార్మాట్ తప్పదు. కాబట్టి ముందు అన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకుని, ఆ తర్వాతే మొదలుపెట్టండి. పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం ఉంటే అప్పుడే తీసేయండి, విండోస్ వాటిని ఒప్పుకోదు. తెలుగు పేర్లకు భయం లేదు, నిక్షేపంగా వెళ్తాయి.