పదకొండు దొంగ గీతలు

అందరికీ నమస్కారం.

నేను తాగుడు మానేసి ఆరేళ్లు దాటింది. అంతకుముందు ఒకసారి 412 రోజులు మానేశాను. 413వ రోజు తాగాను. నన్ను పిలిచినవాళ్లు ఆరేళ్ల గురించి చెప్పమన్నారు. కానీ ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో కొందరికి ఆ 413వ రోజే ఎక్కువ పనికొస్తుందనిపించింది. దాని గురించే మాట్లాడతాను.

మా బీరువా తలుపు లోపలివైపు ఒక క్యాలెండర్ అంటించుకున్నాను. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు గడిలో పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీసేవాణ్ణి. తాగిన రాత్రి ఏం చేశానో చెబుతాను. గ్లాసు సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాను. పళ్లు తోముకున్నాను. బీరువా తెరిచి, రోజూలాగే గీత గీశాను. మర్నాడు కూడా తాగాను, గీత గీశాను. అలా పదకొండు రోజులు.

ఎందుకు తాగావు, ఏం జరిగింది అని చాలామంది అడుగుతారు. నేను మాత్రం ఆ గ్లాసు కంటే ఆ మొదటి గీత గురించే ఎక్కువ ఆలోచిస్తాను. తాగిన గంటలోపు ఎవరికైనా చెప్పి ఉంటే బహుశా ఒక్క రోజుతో ఆగేది. గీత గీశాక చెప్పాల్సినవి రెండయ్యాయి. తాగాననీ చెప్పాలి, అబద్ధమాడాననీ చెప్పాలి. రోజు గడిచేకొద్దీ బరువు పెరిగింది, నోరు పెగల్లేదు. ఆ సిగ్గు తట్టుకోలేక మళ్లీ గ్లాసే పట్టుకున్నాను.

ఇది నా ఒక్కడి బలహీనత అనుకున్నాను చాలాకాలం. అలన్ మార్లాట్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీని గురించి 1980ల్లోనే వివరంగా రాశారని తర్వాత తెలిసింది. ఒకసారి కాలు జారడం వేరు, మళ్లీ పాత తాగుడులోకి పడిపోవడం వేరు అంటారాయన. జారినవాడు ‘ఈ పూట, ఈ పరిస్థితిలో తప్పు జరిగింది’ అనుకుంటే లేచే అవకాశం ఉంటుంది. ‘నేనింతే, నా బతుకింతే, ఎలాగూ మాట తప్పాను కదా’ అనుకుంటే ఆ ఒక్క గ్లాసు సీసా అవుతుంది. సిగ్గు మనిషిని తాగుడు మాన్పిస్తుందని మనం నమ్ముతాం. నా విషయంలో అది నన్ను పదకొండు రోజులు తాగించింది.

మీలో కొందరు, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు వెళ్తుంటారు. ఆ సంస్థ పుట్టినరోజుగా 1935 జూన్ 10ని చెప్పుకుంటారు. ఆ రోజు ఏం జరిగిందో తెలిసినప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో బాబ్ స్మిత్ అనే సర్జన్ ఉండేవారు, తాగుడు మానలేక నలిగిపోతున్న మనిషి. ఆ ఏడాది మే నెలలో, అప్పటికి కొన్ని నెలలుగా తాగకుండా ఉన్న బిల్ విల్సన్ ఆయన్ను కలిశారు. తర్వాత ఆ సంస్థను మొదలుపెట్టిన ఈ ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. డాక్టర్ బాబ్ మానేశారు. కొన్ని వారాలకే వైద్యుల సమావేశానికని వేరే ఊరు వెళ్లి, విపరీతంగా తాగి తిరిగొచ్చారు. జూన్ 10న ఆయన ఆపరేషన్ చేయాలి, చేతులు వణుకుతున్నాయి. వణుకు తగ్గడానికని బిల్ ఆయనకు ఒక బీరు ఇచ్చారు. అదే ఆయన చివరిసారి తాగింది. ఆపరేషన్ అయ్యాక ఆయన చాలాసేపు ఇంటికి రాలేదు. ఎక్కడికి వెళ్లారో తెలుసా? తను తాగుబోతునని తెలిస్తే ఎలా అని అన్నాళ్లూ ఎవరి ముందు భయపడ్డారో, ఎవరిని ఇబ్బంది పెట్టారో, వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి మాట్లాడారు. 1950లో చనిపోయేదాకా మళ్లీ తాగలేదు. లోకమంతా పాకిన ఆ ఉద్యమం తన మొదటి రోజును ఒక రిలాప్స్, అంటే మానేసినవాడు మళ్లీ తాగుడులో పడటం, దాని తర్వాతి రోజుల నుంచే లెక్కపెట్టుకుంటోంది.

ఆ బీరు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వణుకు వస్తే కొంచెం తాగి సర్దుకోవడం అప్పటి మాట, ఇప్పుడు అలా చేయకండి. అలాగే, రోజుల తరబడి ఎక్కువగా తాగినవాళ్లు ఉన్నట్టుండి ఇంట్లో ఒంటరిగా ఆపేయడమూ ప్రమాదమే. చెమటలు, వణుకు, నిద్రలేమితో మొదలై, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతిస్థిమితం తప్పి, లేనివి కనిపిస్తాయి. ప్రాణాలు పోయే సందర్భాలున్నాయి. మానడం, మళ్లీ తాగడం చాలాసార్లు జరిగినవాళ్లలో ప్రతిసారీ ఈ లక్షణాలు ముదిరే అవకాశం ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్తే దీన్ని సురక్షితంగా దాటించే మందులున్నాయి, బీ1 విటమిన్ కూడా ఇస్తారు. పంతానికి పోయి గది తలుపేసుకోకండి, దయచేసి.

పన్నెండో రోజు పొద్దున నేను ఇంటి బయట మెట్ల మీద కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకున్నాను. నాకంటే ముందు మానేసిన ఒక పెద్దాయన ఉన్నారు, అన్నా అని పిలుస్తాను. నంబరు తీసి, మళ్లీ ఫోన్ జేబులో పెట్టి, మళ్లీ తీశాను. చివరికి ఆయన ఎత్తారు.

“అన్నా, నేను తాగాను.”

“ఎన్ని రోజుల నుంచి?”

“పదకొండు.”

“చివరిసారి ఎన్ని గంటలకి?”

“రాత్రి పదింటికి.”

“ఎక్కడున్నావు?”

“మెట్ల మీద.”

“అక్కడే ఉండు, వస్తున్నా.”

ఎందుకు అని ఆయన అడగలేదు. గంటల లెక్క ఎందుకు అడిగారో ఆస్పత్రిలో అర్థమైంది. డాక్టరూ మొదట అదే అడిగారు, ఫిట్స్ లాంటివి ఎప్పుడు రావచ్చో ఆ గంటలను బట్టే అంచనా వేస్తారు. తిట్టలేదు. బీపీ మళ్లీ పెరిగి వచ్చిన మనిషిని చూసినట్టే చూశారు, మందులు ఎప్పుడు ఆపేశావని అడిగారు. మత్తు వ్యసనాలకు చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారని అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థ చెబుతోంది. బీపీ, ఆస్తమా రోగుల్లోనూ జబ్బు తిరగబెట్టడం అంతకు తక్కువేమీ కాదు. తాగాలనే తపన తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మందులున్నాయి. నేను బాగయ్యానని నా అంతట నేనే మాత్రలు ఆపేసుకున్నాను.

ఒళ్లు కుదుటపడ్డాక అన్న నా ముందు ఒక తెల్లకాగితం పెట్టారు. 413 అని పైన రాసి, వెనక్కి రాసుకుంటూ పొమ్మన్నారు. 412న ఏం జరిగింది, 411న ఏం జరిగింది అని. ముందు ఏమీ గుర్తు రాలేదు. రెండు గంటలు కూర్చున్నాక కాగితం నిండింది. వారం రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ఆఫీసులో ఒక గొడవ, ఆ కోపం ఇంటికి మోసుకొచ్చాను. 390 దగ్గర మాత్రలు ఆపేశాను. 370 దగ్గర, పని ఎక్కువగా ఉందని మీటింగులకు వెళ్లడం మానేశాను. నేను జారింది 413వ రోజున అనుకున్నాను. కాగితం మీద చూస్తే నలభై రోజుల ముందే ఒక కాలు గట్టు దాటింది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: ఈ నాలుగింటినీ కనిపెట్టుకుని ఉండమని మా గుంపుల్లో చెబుతారు. నాలుగూ ఆ కాగితం మీద ఉన్నాయి. మీరు జారి ఉంటే ఒళ్లు కాస్త తేరుకున్నాక ఈ పని చేయండి. దీన్ని మించిన పాఠం నాకెవరూ చెప్పలేదు.

రోజులు మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాలా అని అడుగుతుంటారు. అది క్రూరం అనేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నేను ఒకటి నుంచే మొదలుపెట్టాను, నాకు నిజం లెక్క కావాలి కాబట్టి. కానీ ఆ 412 రోజులు ఎక్కడికీ పోలేదు. మా అమ్మాయి 412 రాత్రులు భయం లేకుండా పడుకుంది. ఫోన్ చేయడానికి ఒక నంబరు నా దగ్గర ఉండటం కూడా ఆ రోజుల్లో సంపాదించుకున్నదే.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మా ఆవిడకు మూడో రోజే తెలిసిపోయిందట. అడిగితే ఇంకా ఎక్కువ తాగుతానేమో అని భయపడి ఊరుకుంది. అనుమానం వస్తే అడగండి. తిట్టనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. ‘తాగినట్టున్నావు, డాక్టరు దగ్గరికి వెళ్దాం పద’ అంటే చాలు. మీకు విసుగొచ్చినా, ఇక ఓపిక లేదనిపించినా అది తప్పు కాదు. మేం మళ్లీ మొదలుపెట్టినంత మాత్రాన మీ నమ్మకం అదే రోజు తిరిగి రావాలని అడిగే హక్కు మాకు లేదు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మా ఆవిడ ఒక్క క్షణం ఆగి వాసన చూసేది. అది పోవడానికి రెండేళ్లు పట్టింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఆమెను బీరువా దగ్గరికి పిలిచి క్యాలెండర్ చూపించాను. ఏమీ అనలేదు. అమ్మాయి పెన్సిల్ బాక్సులోంచి రబ్బరు తెచ్చి నా చేతిలో పెట్టింది. పదకొండు గీతలూ ఆమె ముందే చెరిపాను. గట్టిగా నొక్కి గీసినవి, కాగితం మీద గాట్లు ఇంకా ఉన్నాయి. ఆ క్యాలెండర్ ఇవాళ నా సంచిలో ఉంది.

నిన్న రాత్రి తాగి, ఇవాళ ఇక్కడికి వచ్చి కూర్చున్నవాళ్లు ఉండొచ్చు. ఎవరికీ చెప్పి ఉండరు. పేరు చెప్పక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. అందరూ వెళ్లిపోయేదాకా నేను ఆ వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలో ఉంటాను. వచ్చి పక్కన కూర్చోండి. చివరిసారి ఎన్ని గంటలకి అని మాత్రం అడుగుతాను.