ఒకే కంప్రెసర్‌తో మైనస్ 70: స్నేహితుల పోటీకి ఇంట్లో కట్టే ఆటోకాస్కేడ్

నమస్కారం. ఒకే కంప్రెసర్‌తో మైనస్ 65, 70 డిగ్రీల సెల్సియస్ దాకా దిగే ఆటోకాస్కేడ్ యూనిట్, అంటే ఫ్రిజ్ లాంటి శీతలీకరణ యంత్రం, ఎవరిది ఎక్కువ చల్లబడుతుందో తేల్చే స్నేహితుల పోటీ కోసం ఎలా కట్టాలో ఈ వీడియోలో చూద్దాం. బ్రేజింగ్ (కరిగే రాడ్‌తో గొట్టాలు అతకడం) చెయ్యడం, వ్యాక్యూమ్ పట్టడం, గ్యాస్ తూచి ఎక్కించడం ఇప్పటికే వచ్చినవాళ్ల కోసం ఇది. రానివాళ్లు ముందు పాత ఫ్రిజ్‌ల మీద చెయ్యి తిరిగాక రండి. ఇందులో వాడేవి మండే గ్యాస్‌లు, పైగా ప్రెజర్ ఎక్కువ.

మామూలు కాస్కేడ్‌లో రెండు కంప్రెసర్లు, రెండు సర్క్యూట్లు ఉంటాయి, ఒకటి రెండోదాన్ని చల్లబరుస్తుంది. ఇక్కడ కంప్రెసర్ ఒకటే, గ్యాస్‌లు మాత్రం రెండు కలిపి తిప్పుతాం. ప్రొపేన్, అంటే ఆర్290, మైనస్ 42 దగ్గర మరుగుతుంది. ఈథేన్, ఆర్170, మైనస్ 89 దగ్గర. కండెన్సర్‌లో, అంటే గ్యాస్ వేడిని బయటికి వదిలే చుట్టలో, ప్రొపేన్ చాలా వరకు ద్రవమవుతుంది. ఈథేన్ క్రిటికల్ టెంపరేచర్, అంటే అది దాటితే ఎంత నొక్కినా ద్రవం కాని హద్దు, 32 డిగ్రీలే కాబట్టి ఎక్కువ భాగం ఆవిరిగానే మిగులుతుంది. సెపరేటర్‌లో ద్రవం కిందికి, ఆవిరి పైకి విడిపోతాయి. కింది ద్రవాన్ని క్యాపిలరీ అనే సన్నటి గొట్టంలోంచి వదిలితే వచ్చే చలితో, పైనుంచి వచ్చిన ఆవిరిని ఇంటర్‌చేంజర్‌లో, అంటే ఒకదాని చలి ఇంకోదానికి అందించే జంట గొట్టంలో, ద్రవం చేస్తాం. ఆ ద్రవం రెండో క్యాపిలరీ దాటి ఇవాపరేటర్‌కి, అంటే మనకు చలి దక్కే భాగానికి, వెళ్తుంది. ఎ.పి. క్లీమెంకో 1959లోనే ఈ పద్ధతి మీద పేపర్ చదివారు, కొత్త సంగతేం కాదు.

అంకెల్లో చూద్దాం. సక్షన్ (కంప్రెసర్ గ్యాస్ పీల్చే వైపు) గేజ్ మీద 1 బార్ ఉందంటే అసలు ప్రెజర్ 2 బార్, గేజ్ చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని లెక్కించదు కాబట్టి. 2 బార్ దగ్గర ప్రొపేన్ మైనస్ 25లో మరుగుతుంది. అటు హై సైడ్‌లో, అంటే కంప్రెసర్ గ్యాస్‌ని తోసే ఎక్కువ ప్రెజర్ వైపు, ఈథేన్ 15 బార్ దగ్గర దాదాపు మైనస్ 18లో ద్రవమవుతుంది. అంటే మైనస్ 25 చలి ఇస్తే ఈథేన్ ద్రవం కావాల్సిందే. అదే ఈథేన్ 2 బార్ దగ్గర మైనస్ 75లో మరుగుతుంది. కొంత ప్రొపేన్ కలిసే వస్తుంది కాబట్టి చేతికి దక్కేది మైనస్ 65, 70. ఇథిలీన్ వేస్తే ఇంకా దిగొచ్చు కదా అంటారు. 15 బార్ దగ్గర దాన్ని ద్రవం చెయ్యాలంటే దాదాపు మైనస్ 38 కావాలి. మొదటి యూనిట్‌కి ఆ తలనొప్పి వద్దు.

ఇక సామాను. కంప్రెసర్ మూడో వంతు హార్స్‌పవర్, డీప్ ఫ్రీజర్‌ది, ఆర్290కి తయారైనది తీసుకోండి. స్టార్ట్ కెపాసిటర్ ఉన్నదే కావాలి. ఆగి ఉన్నప్పుడు ఈ సిస్టమ్‌లో 8, 9 బార్ నిలుస్తుంది. స్టార్టింగ్‌కి పీటీసీ రిలే ఒక్కటే ఉన్న ఇంటి ఫ్రిజ్ కంప్రెసర్ అంత ప్రెజర్ మీద లేవదు, గుర్రుమని ఓవర్‌లోడ్ కొడుతుంది. డిశ్చార్జ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి వచ్చే గొట్టం) మీద ఆయిల్ సెపరేటర్, ఫ్యాన్ ఉన్న కండెన్సర్, తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్ డ్రయ్యర్ ఉండాలి.

సెపరేటర్ మనమే చేసుకోవచ్చు. అంగుళం రాగి గొట్టం, 20 సెంటీమీటర్ల పొడవు, రెండు వైపులా మూతలు. ఇన్‌లెట్ మధ్యలో, గోడను రాసుకుంటూ లోపలికి రావాలి. పై సగంలో స్టీల్ జాలీ చుట్టి పెట్టండి. దీన్ని నిటారుగానే బిగించాలి. ఇంకో ఉపకారం కూడా ఉంది దీంతో: ఆయిల్ సెపరేటర్ దాటి వచ్చిన కాస్త నూనె ఇక్కడ ప్రొపేన్ ద్రవంలో కలిసి మొదటి క్యాపిలరీ గుండా వెనక్కి పోతుంది. సెపరేటర్ చిన్నదై ద్రవం పైకి చిమ్మితే ఆ నూనె ఇవాపరేటర్ దాకా వెళ్లి గడ్డకడుతుంది.

పోటీ గెలిచేదీ ఓడేదీ ఇంటర్‌చేంజర్ దగ్గరే. అర అంగుళం గొట్టంలో పావు అంగుళం గొట్టం దూర్చి, మూడు మీటర్ల పొడవున చుట్ట చుట్టండి. లోపలి గొట్టంలో హై సైడ్ ఆవిరి పైనుంచి కిందికి దిగాలి, చుట్టూ ఉన్న సందులో సక్షన్ గ్యాస్ కింది నుంచి పైకి ఎక్కాలి. దిశ తప్పితే ఎంత గ్యాస్ పోసినా లాభం లేదు. మొదటి క్యాపిలరీ, ఇవాపరేటర్ నుంచి తిరిగొచ్చే గొట్టం, రెండూ కింది చివరన కలవాలి. చాలామంది ఇక్కడ ఒక్క మీటరు పొడవుతో సరిపెట్టేసి, టెంపరేచర్ దిగట్లేదని ఈథేన్ పోస్తూ పోతారు. దాంతో హెడ్ ప్రెజర్ (హై సైడ్ ప్రెజర్) పెరుగుతుంది తప్ప చలి పెరగదు.

క్యాపిలరీ రెండు చోట్లా 031 సైజు, అంటే లోపలి రంధ్రం 0.031 అంగుళం. మొదటిది రెండున్నర మీటర్లు, ఇవాపరేటర్‌ది మూడు మీటర్లు పెట్టి మొదలుపెట్టండి. ట్యూనింగ్‌లో 15 సెంటీమీటర్ల చొప్పున తగ్గిస్తూ రావచ్చు. ఇక్కడ దగ్గరగా చూడండి. క్యాపిలరీని కట్టర్‌తో కొయ్యకూడదు, నోరు నొక్కుకుపోతుంది. ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి, అటూ ఇటూ వంచితే విరుగుతుంది. కొనను గొట్టంలోకి 25 మిల్లీమీటర్లు దూర్చి, గొట్టాన్ని ప్లయర్‌తో దాని చుట్టూ నొక్కి అప్పుడు బ్రేజింగ్ చెయ్యండి. తక్కువ దూరిస్తే కరిగిన రాడ్ పాకి రంధ్రం మూసుకుపోతుంది. బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ గొట్టంలో నైట్రోజన్ సన్నగా పారుతూ ఉండాలి. లేకపోతే లోపల నల్లటి పొలుసు లేచి ఇదే క్యాపిలరీలో ఇరుక్కుంటుంది.

బఫర్ ట్యాంక్, అంటే ప్రెజర్ మరీ పెరగకుండా గ్యాస్‌ని పట్టి ఉంచే అదనపు ట్యాంక్, ఎందుకో లెక్క చూద్దాం. మన చార్జ్ ప్రొపేన్ 60 గ్రాములు, ఈథేన్ 30 గ్రాములు. 60ని 44తో, 30ని 30తో భాగిస్తే మొత్తం 2.36 మోల్స్. గది వేడిలో, 1 బార్ దగ్గర, ఒక్కో మోల్ దాదాపు 25 లీటర్లు ఆక్రమిస్తుంది. అంటే 59 బార్-లీటర్లు. గొట్టాలూ కంప్రెసర్ కలిపి లీటరు, ట్యాంక్ 5 లీటర్లు అనుకుంటే 59ని 6తో భాగించండి, దాదాపు 10 బార్ వస్తుంది. గేజ్ మీద 9. కొంత ప్రొపేన్ నూనెలో కరుగుతుంది కాబట్టి ఇంకాస్త తక్కువే చూపిస్తుంది. ట్యాంకే లేకపోతే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. ట్యాంక్ 30 బార్ రేటింగ్ ఉన్న రిసీవర్ అయి ఉండాలి, సేఫ్టీ వాల్వ్ నోరు ఆరుబయటికి తెరుచుకోవాలి. వాడి పారేసే గ్యాస్ డబ్బాలు వద్దే వద్దు. హై సైడ్ నుంచి ట్యాంక్‌కి సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునేది) పెట్టి, 20 బార్ దగ్గర తెరుచుకునేలా ప్రెజర్ స్విచ్ కట్టండి. ట్యాంక్ నుంచి సక్షన్‌కి ఒక క్యాపిలరీ చాలు. 24 బార్ దగ్గర కంప్రెసర్ ఆగిపోయేలా ఇంకో స్విచ్ ఉండాలి. సక్షన్ గేజ్ మీద 0.2 బార్‌కి పడితే ఆపేలా మూడోది. సక్షన్ వ్యాక్యూమ్‌లోకి పోతే లీకుల గుండా గాలి లోపలికి వస్తుంది. మండే గ్యాస్, గాలి కలిపి కంప్రెస్ చెయ్యడం అంటే పేలుడే.

లీక్ టెస్ట్‌కి నైట్రోజన్ మాత్రమే, ఆక్సిజన్ సిలిండర్ దగ్గరికే తేవద్దు. కంప్రెసర్ కలపకముందు గొట్టాలకు 28 బార్, కలిపాక మొత్తానికి 12 బార్ పెట్టి ఒక రోజు వదిలేయండి. తర్వాత వ్యాక్యూమ్ 500 మైక్రాన్లకు, అంటే 0.5 మిల్లీమీటర్ల పాదరసానికి, దించి, నైట్రోజన్‌తో నింపి, మళ్లీ దించండి. ఇలా మూడుసార్లు. పంపు మూసి అరగంట ఆగినా మైక్రాన్లు పెద్దగా పెరగకూడదు.

గ్యాస్ ఎక్కించేది ఆరుబయట, లేదా గాలి బాగా ఆడే వరండాలో. ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, నేల మీదే పేరుకుంటుంది. గాలిలో 2.1 శాతం చేరితే అంటుకుంటుంది. అందుకే రిలే, స్విచ్‌లు ఎత్తులో వేరే పెట్టెలో, గ్యాస్ డిటెక్టర్ నేల దగ్గర. వంటగ్యాస్ సిలిండర్ గురించి అడగొద్దు. అందులో బ్యుటేన్ ఎంతో తెలీదు, వాసన కోసం కలిపిన గంధక రసాయనం, తేమ కూడా ఉంటాయి.

ముందు ప్రొపేన్ 60 గ్రాములు, గ్రాము దాకా చూపే కాటా మీద. ఇరవై నిమిషాలు నడిపి ఇంటర్‌చేంజర్ కింది చివర మైనస్ 20 దాటిందో లేదో చూడండి. దాటాకే ఈథేన్, 5 గ్రాముల చొప్పున, రెగ్యులేటర్ గుండా. ఈథేన్ సిలిండర్‌లో 20 డిగ్రీల దగ్గరే దాదాపు 38 బార్ ఉంటుంది, మామూలు మానిఫోల్డ్‌కి నేరుగా తగిలించకండి. ప్రతిసారీ పది నిమిషాలు ఆగండి. ఇవాపరేటర్ దిగడం ఆగి, హెడ్ మాత్రమే పెరుగుతుంటే చార్జ్ ఎక్కువైనట్టే.

తప్పు ఎక్కడుందో థర్మోకపుల్సే (టెంపరేచర్ కొలిచే తీగలు) చెప్తాయి. ఇవాపరేటర్ బాగా దిగి, ఉన్నట్టుండి సక్షన్ పడిపోయి, వేడెక్కి, మళ్లీ దిగుతుంటే క్యాపిలరీలో మంచు కట్టింది. డ్రయ్యర్ మార్చి మళ్లీ వ్యాక్యూమ్ పట్టాలి. గంటల తరబడి మెల్లగా చలి తగ్గుతూ పోతే అది నూనె. కంప్రెసర్ దగ్గర సక్షన్ గొట్టానికి మంచు పడితే మొదటి క్యాపిలరీ నుంచి ద్రవం ఎక్కువ వస్తోంది. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లలో హెడ్ 20 బార్ దాటితే తప్పు యూనిట్‌ది కాదు. 50 డిగ్రీల కండెన్సర్‌లో ప్రొపేన్ ఒక్కటే 17 బార్ ఉంటుంది. పోటీ డిసెంబరులో పెట్టుకోండి.

ఇక రూల్స్. ఖాళీ ఇవాపరేటర్ అంకె చూసి మురిసిపోవడం కాదు, లోడ్ పెట్టాలి. 6.8 ఓమ్ అల్యూమినియం రెసిస్టర్‌ని ఇవాపరేటర్‌కి బిగించి 12 వోల్టులు ఇస్తే 21 వాట్లు. అరగంట నిలబడిన టెంపరేచరే లెక్క. అందరికీ ఒకే మీటర్, ఒకే టీ టైప్ థర్మోకపుల్. దాన్ని ముందు ఐస్ నీళ్లలో 0 దగ్గర, డ్రై ఐస్‌లో మైనస్ 78 దగ్గర సరిచూసుకోండి. మొత్తం గ్యాస్ 150 గ్రాములు దాటకూడదు. యూనిట్ ఆపాక ప్రెజర్లు సమానమయ్యేదాకా, కనీసం పది నిమిషాలు, మళ్లీ స్విచ్ వెయ్యకండి.