గార్బేజ్ కలెక్షన్‌ను ఆదేశించే అధికారం ప్రోగ్రామర్‌కు ఉండాలా?

[తెరపై: నల్లని ఎడిటర్‌లో ఒకే ఒక్క వరుస: సిస్టమ్ డాట్ జీసీ]

జావాలో రాసిన ఒక సర్వర్‌లో మెమరీ వాడకం గంటగంటకూ పెరుగుతోందని అనుకుందాం. కారణం అంతుపట్టనప్పుడు చాలామందికి ముందుగా తట్టే ఉపాయం, మీరు తెరపై చూస్తున్న ఈ వరుసను కోడ్‌లో ఎక్కడో ఒకచోట చేర్చడం. ప్రోగ్రామ్‌కు ఇక అందని ఆబ్జెక్టులను చెత్తగా గుర్తించి, వాటి మెమరీని తనంతట తానే విడిపించేది గార్బేజ్ కలెక్టర్; ఆ పనిని ఇప్పుడే చేయమని ఈ వరుస అడుగుతుంది. నిజంగా మెమరీ లీక్ ఉంటే ఈ వరుస వల్ల ఒరిగేదేమీ లేదు. ప్రోగ్రామ్ నడిచినంతకాలం నిలిచి ఉండే ఒక స్టాటిక్ మ్యాప్‌లో చేర్చి, పని ముగిశాక తీసివేయడం మరిచిన సెషన్ ఆబ్జెక్టులు ప్రోగ్రామర్ దృష్టిలో చెత్తే అయినా, ఆ మ్యాప్ ద్వారా వాటిని చేరుకునే దారి మిగిలి ఉన్నంతకాలం కలెక్టర్ వాటిని వాడుకలో ఉన్నవిగానే లెక్కిస్తుంది. ఎన్నిసార్లు పిలిచినా వాటి జోలికి పోదు.

మరి ఈ ఆదేశం భాషలో ఉండటం ఎందుకు? దీన్ని పూర్తిగా తీసివేయవచ్చు కదా?

[తెరపై: హీప్ చిత్రం, వాడుకలో ఉన్న ఆబ్జెక్టులు నీలం రంగులో, చెత్త బూడిద రంగులో]

జాన్ మెకార్తీ లిస్ప్ భాష కోసం గార్బేజ్ కలెక్షన్ పద్ధతిని రూపొందించి 1960లో ప్రచురించిన పత్రంలో వివరించినప్పుడు, ఖాళీ స్థలం అయిపోయేదాకా కలెక్టర్ కదిలేదే కాదు. నేటి కలెక్టర్లు అలా చివరిక్షణం దాకా ఆగకుండా, ఆబ్జెక్టులు ఎంత వేగంగా పుడుతున్నాయో, గత విడతలో ఎన్ని మిగిలాయో చూసుకుని తమ సమయాన్ని తామే ఎంచుకుంటాయి. ఆ లెక్కలో ప్రోగ్రామర్ వేలు పెడితే నష్టం ఎక్కడ వస్తుందో కొంచెం నిదానంగా చూద్దాం.

మొదటి సంగతి ఖర్చు. వాడుకలో ఉన్న ఆబ్జెక్టులను వెతికి గుర్తించే కలెక్టర్‌కు పడే శ్రమ చెత్త పరిమాణాన్ని బట్టి కాక, బతికి ఉన్న డేటా పరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. ఆబ్జెక్టులన్నీ ఉండే మెమరీ ప్రాంతమైన హీప్‌లో 8 జీబీ డేటా వాడుకలో ఉన్నప్పుడు 10 ఎంబీ చెత్త కోసం పూర్తి సేకరణను ఆదేశిస్తే, ఆ 8 జీబీనీ నడిచి చూడక తప్పదు. జావా ప్రోగ్రామ్‌లను నడిపే హాట్‌స్పాట్ జేవీఎమ్‌లో జీ1 అనే కలెక్టర్‌ను ఏ మార్పూ లేకుండా వాడుతుంటే, ఆ పని సాగినంతసేపూ అప్లికేషన్ థ్రెడ్లన్నీ నిలిచిపోతాయి.

[తెరపై: మూడు గడులు: జెన్ సున్నా, జెన్ ఒకటి, జెన్ రెండు. కొన్ని చుక్కలు ఎడమ నుంచి కుడికి కదులుతాయి]

రెండోది మరింత విచిత్రమైనది. ఎక్కువ ఆబ్జెక్టులు పుట్టిన కొద్దిసేపటికే పనికిరాకుండా పోతాయన్న అనుభవం మీద ఆధారపడి, మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో హీప్‌ను తరాలుగా, అంటే జెన్ సున్నా, ఒకటి, రెండుగా విభజించారు. ఒక సేకరణను దాటుకుని బతికిన ఆబ్జెక్ట్ సాధారణంగా తర్వాతి తరానికి చేరుతుంది. ఇప్పుడు ఒక వెబ్ అభ్యర్థన సగంలో ఉండగా మనం అక్కడ సేకరణను ఆదేశించే జీసీ డాట్ కలెక్ట్‌ను పిలిచామనుకోండి. మరో 5 మిల్లీసెకన్లు ఆగితే అతి చౌకగా తొలగిపోయే తాత్కాలిక ఆబ్జెక్టులు ఆ క్షణానికి ఇంకా వాడుకలో ఉన్నందువల్ల జెన్ ఒకటికి చేరతాయి. రెండోసారి పిలిస్తే, అప్పటికీ బతికున్నవి జెన్ రెండుకు పోతాయి. ఆ వెంటనే అవి పనికిరానివైపోయినా, ఆ పాత తరాన్ని సేకరించే అరుదైన విడత వచ్చేదాకా మెమరీని ఆక్రమించుకునే ఉంటాయి. మెమరీ తగ్గించడానికి చేసిన పని మెమరీని పెంచిందన్నమాట.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి ఆదేశాన్ని నిషేధించడమే మేలనిపిస్తుంది. నేను మాత్రం నిషేధాన్ని సమర్థించను, ఎందుకంటే కలెక్టర్‌కు హీప్ తెలుసు గానీ ప్రోగ్రామ్ ఉద్దేశం తెలియదు. సెకనుకు 60 ఫ్రేములు చూపించే ఆటలో ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లే దొరుకుతాయి. అందులో 10 సేకరణకే పోతే ఆటగాడికి తెర తడబడినట్టు కనిపిస్తుంది. ఒక దశ ముగిసి మరొకటి లోడ్ అవుతున్నప్పుడు మాత్రం అర సెకను ఆగినా ఎవరికీ పట్టదు, పైగా పాత దశకు చెందిన ఆబ్జెక్టులన్నీ ఒక్కసారిగా పనికిరానివైపోయేది సరిగ్గా అప్పుడే. ఈ విషయం హీప్‌ను ఎంత పరిశీలించినా కలెక్టర్‌కు తెలియదు, ఆట రాసినవారికి తెలుసు. యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో పనిచేసేవారు ఆ సమయంలోనే సేకరణను పిలవడం ఇందుకే.

పైథాన్‌లో జీసీ డాట్ కలెక్ట్‌తో పాటు, 3.7 వెర్షన్ నుంచి జీసీ డాట్ ఫ్రీజ్ కూడా ఉంది. సర్వర్ ప్రక్రియను ఫోర్క్ చేసే, అంటే దాని నకలు ప్రక్రియను పుట్టించే ముందు, అప్పటిదాకా ఉన్న ఆబ్జెక్టులను ఇకపై పరిశీలించవద్దని అది కలెక్టర్‌కు చెబుతుంది. గో భాషలో 1.19 వెర్షన్ నుంచి గోమెమ్‌లిమిట్ ద్వారా మెమరీకి ఒక మెత్తని, అంటే తప్పనిసరైతే దాటగల, పరిమితిని పెట్టవచ్చు. ‘ఇప్పుడే ఊడ్చు’ అనడం కన్నా ఇలా మనకు తెలిసినదాన్ని ప్రోగ్రామ్‌ను నడిపే రన్‌టైమ్‌కు తెలియజేయడమే మెరుగైన పద్ధతని నా అభిప్రాయం.

[తెరపై: రెండు పెట్టెలు: అప్లికేషన్, లైబ్రరీ. లైబ్రరీ నుంచి వచ్చే బాణం మీద ఎర్ర గీత]

అసలు చిక్కు ఆదేశం ఉండటంలో కన్నా దాన్ని ఎవరు ఇస్తున్నారన్నదానిలో ఉంది. అప్లికేషన్ మొత్తాన్ని నడిపేవారికి ఏ సమయం ఖాళీయో తెలుస్తుంది. ఎవరి ప్రోగ్రామ్‌లో కూర్చుంటుందో తెలియని లైబ్రరీ రచయితకు తెలిసే అవకాశమే లేదు. అందువల్లే హాట్‌స్పాట్‌లో ఇలాంటి పిలుపులన్నింటినీ పట్టించుకోకుండా చేసే డిసేబుల్ ఎక్స్‌ప్లిసిట్ జీసీ అనే ఫ్లాగ్, అంటే ప్రోగ్రామ్‌ను ప్రారంభించేటప్పుడు ఇచ్చే అమరిక, ఉంది. అయితే దాన్ని కళ్లు మూసుకుని పెట్టేయడానికీ లేదు. హీప్ బయటి మెమరీని వాడే డైరెక్ట్ బఫర్ల కోటా నిండినప్పుడు జావా ప్రామాణిక లైబ్రరీయే సిస్టమ్ డాట్ జీసీని పిలిచి, వదిలేసిన బఫర్ల మెమరీ విడుదలయ్యేలా చూస్తుంది. ఫ్లాగ్ ఆ పిలుపును మింగేస్తే, హీప్‌లో బోలెడంత చోటు ఉండగానే అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ రావచ్చు. ఎక్స్‌ప్లిసిట్ జీసీ ఇన్‌వోక్స్ కాంకరెంట్ అనే మరో ఫ్లాగ్ పిలుపును గౌరవిస్తూనే, పనిలో అధికభాగాన్ని అప్లికేషన్ నడుస్తుండగానే జరిపిస్తుంది. నేనైతే దీన్నే ఎంచుకుంటాను.

[తెరపై: కదులుతున్న జీసీ లాగ్]

ఏ ఫ్లాగ్‌నైనా ముట్టుకునే ముందు కలెక్టర్ తన పనిని నమోదు చేసే జీసీ లాగ్‌ను తెరిచి చూడండి. ప్రోగ్రామ్ పిలుపు వల్ల జరిగిన పూర్తి సేకరణ పక్కన కుండలీకరణాల్లో సిస్టమ్ డాట్ జీసీ అనే పేరే కారణంగా నమోదై ఉంటుంది. మీ కోడ్‌లో ఆ పిలుపు ఎక్కడా లేకున్నా లాగ్‌లో అది గంటకోసారి కనిపిస్తుంటే, ముందుగా ఆర్ఎమ్ఐని, అంటే వేరే జేవీఎమ్‌లోని ఆబ్జెక్టులను పిలిచే జావా సదుపాయాన్ని, అనుమానించండి. దూరపు యంత్రాలతో పంచుకున్న ఆబ్జెక్టుల లెక్క తేల్చుకోవడానికి అది పెట్టుకున్న గడువు, మనం మార్చకపోతే, 36,00,000 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా ఒక గంట.