16 వారాల ఇంగ్లీష్ మేడం: బీఎడ్ ఇంటర్న్‌షిప్‌పై స్టూడియో చర్చ

చర్చలో పాల్గొన్నవారు: నల్గొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ పూర్తి చేసిన ఛాత్రోపాధ్యాయిని, ఆమెకు బీఎడ్ కాలేజీలో ఇంగ్లీష్ మెథడ్ చెప్పిన అధ్యాపకురాలు, ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంట్‌గా చేరి హెచ్ఎంగా రిటైరైన ఉపాధ్యాయులు.

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. సర్కారు బడిలో చదివిన ప్రతి ఒక్కరికీ ట్రైనింగ్ టీచర్లు గుర్తుంటారు. చార్టులు చుట్టుకుని వస్తారు, కొన్నాళ్ళు పాఠాలు చెబుతారు, వెళ్ళిపోయే రోజు పిల్లలతో ఫోటో దిగుతారు. ఆ రోజులు వాళ్ళకి ఎలా గడుస్తాయో మనం ఎప్పుడూ అడగలేదు. ఈ రోజు అడుగుదాం. మేడం, మీ మొదటి పాఠం ఎలా జరిగింది?

ఛాత్రోపాధ్యాయిని: బాగా జరిగిందనే అనుకున్నాను సార్. నాకు తొమ్మిదో తరగతి ఇచ్చారు, 41 మంది. ఒక్క పీరియడ్ కోసం మూడు రాత్రులు కూర్చుని లెసన్ ప్లాన్ రాశాను. ఏ నిమిషానికి ఏం చెయ్యాలో అందులో ఉంది. పాఠం చదివాను, కొత్త మాటలు చార్టు మీద చూపించాను, ‘అర్థమైందా?’ అని అడిగాను. ‘అయ్యింది మేడం’ అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. సరిగ్గా అప్పుడే బెల్ కొట్టారు. సంతోషంగా స్టాఫ్ రూమ్‌కి వెళ్ళాను.

మర్నాడు హోంవర్క్ నోట్‌బుక్కులు దిద్దడానికి కూర్చున్నాను. అందరి జవాబూ ఒకటే. ‘బిలీవ్’ స్పెల్లింగులో ఐ, ఈ తారుమారు చేసిన తప్పు కూడా అందరిదీ ఒకటే. అంటే ఒక్కరు రాశారు, మిగతావాళ్ళు అది చూసి దించేశారు. ఆ రోజు మొదలైన టెన్షన్ నాకు చాలా వారాలు పోలేదు.

రిటైర్డ్ హెచ్ఎం: ‘అర్థమైందా’ అని నేను కూడా ఏళ్ళ తరబడి అడిగానమ్మా. ఆ ప్రశ్నకి ‘కాలేదు’ అనే ధైర్యం ఏ పిల్లాడికీ ఉండదు. పక్కవాళ్ళు నవ్వుతారని భయం. పాఠం పిల్లాడికి చేరిందో లేదో తెలియాలంటే వాడితో ఏదో ఒక పని చేయించాలి. ఆ పేరాలో ఎవరు ఎక్కడికి వెళ్ళారో బొమ్మ గీయమనండి, రెండు వాక్యాలు అటూ ఇటూ చేసి వరుసలో పెట్టమనండి. అప్పుడు తెలుస్తుంది.

వ్యాఖ్యాత: మేడం, కాలేజీలో ఇవన్నీ చెప్పే పంపిస్తారు కదా?

అధ్యాపకురాలు: చెబుతాం. మైక్రో టీచింగ్ చేయిస్తాం, అంటే ఐదారు నిమిషాల పాఠం, ఒక్క నైపుణ్యం. 1960ల్లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది. మంచిదే. కానీ అక్కడ పిల్లల స్థానంలో కూర్చునేది తోటి బీఎడ్ విద్యార్థులు. ప్రశ్న అడిగిన వెంటనే చక్కగా జవాబు చెబుతారు. బడిలో 41 మంది చూపులు ఒక్కసారి మన మీద పడితే ఎలా ఉంటుందో ఆ గదిలో తెలిసే అవకాశమే లేదు.

అందుకే ఇంటర్న్‌షిప్ పెంచారు. టీచర్ల శిక్షణ ఎలా ఉందో చూడటానికి వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. టీచర్ల శిక్షణకి నిబంధనలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ, దాని 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్ళయింది. మొత్తం 20 వారాలు బడితో సంబంధం ఉండాలి, అందులో 16 వారాలు రెండో సంవత్సరంలో నేరుగా పాఠాలు చెబుతూ గడపాలి. ఏడాది బీఎడ్ ఉన్న రోజుల్లో టీచింగ్ ప్రాక్టీస్ అంటే లెక్కకి పాఠాలు పూర్తి చేసి రికార్డు రాసుకోవడమే. పిల్లల పేర్లు నోటికి వచ్చేలోపే వచ్చేసేవాళ్ళం.

వ్యాఖ్యాత: కాగితం మీద 16 వారాలు. నిజంగా జరుగుతోందా?

అధ్యాపకురాలు: అన్ని చోట్లా జరగడం లేదు. దాచి లాభం లేదు. హాజరు సంతకాలు, కొనుక్కున్న రికార్డులు, బడి ముఖం చూడకుండానే పూర్తయిన ఇంటర్న్‌షిప్పులు ఉన్నాయి. పిల్లలకి జరిగే అన్యాయం ఇది, నాకు చాలా బాధగా ఉంటుంది. ఇంకో సంగతి. మా విద్యార్థుల మనసంతా టెట్, డీఎస్సీ మీద ఉంటుంది. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకి జరిగింది. అంత పెద్ద అవకాశం కళ్ళముందు ఉంటే ఇరవై రెండేళ్ళ పిల్ల బిట్లు చదువుకుంటుంది, లెసన్ ప్లాన్ గురించి ఆలోచించదు. వాళ్ళని తప్పుపట్టలేను. డీఎస్సీలో రాత పరీక్షే ఉంది, పాఠం చెప్పించి చూడటం లేదు కదా.

వ్యాఖ్యాత: ఫోన్ లైన్లో సూర్యాపేట నుంచి ఒక తండ్రి ఉన్నారు. చెప్పండి.

ప్రేక్షకుడు: నమస్తే సార్. మా బిడ్డ సర్కారు బడిలో తొమ్మిది చదువుతున్నది. నేర్చుకునేటోళ్ళు వచ్చి చెప్తే మా పిల్లల సంవత్సరం ఖరాబ్ కాదా? డాక్టర్ చదివేటోళ్ళకైతే పక్కన పెద్ద డాక్టర్ ఉంటడు. వీళ్ళ పక్కన ఎవరుంటరు?

రిటైర్డ్ హెచ్ఎం: చాలా సరైన ప్రశ్న అడిగారు. ఉండాల్సింది మెంటార్ టీచర్. మామూలుగా మేం పదో తరగతిని వీళ్ళకి ఇవ్వం, ఎనిమిది, తొమ్మిది ఇస్తాం. కానీ మీరన్న పెద్ద డాక్టర్ చాలాసార్లు గదిలో ఉండడు. ట్రైనింగ్ వాళ్ళు వచ్చారంటే స్టాఫ్‌కి కాస్త ఊపిరి ఆడుతుంది. ఎవరు లీవు పెట్టినా ఆ పీరియడ్‌కి వీళ్ళనే పంపుతారు. ఖాళీ తరగతి కంటే నయం అనుకుని నేనూ పంపాను. అది తప్పు.

ఛాత్రోపాధ్యాయిని: నన్నూ మొదట్లో సాంఘికశాస్త్రానికి, డ్రిల్లు పీరియడ్‌కి పంపారండీ. అదృష్టం ఏమిటంటే నా మెంటార్ టీచర్ వారానికి రెండుసార్లయినా వచ్చి ఆఖరి బెంచీలో కూర్చునేవారు. ఏమీ అనేవారు కాదు. ఒకరోజు బయటికి వెళ్తూ నా చేతిలో చిన్న చీటీ పెట్టారు. ‘నువ్వు మాట్లాడింది 31 నిమిషాలు. పిల్లలు మాట్లాడింది 3.’ అంతే రాసి ఉంది. ఆ చీటీ ఇప్పటికీ నా రికార్డులో అంటించి ఉంది.

వ్యాఖ్యాత: ఆ తర్వాత ఏం మారింది?

ఛాత్రోపాధ్యాయిని: ప్లాన్ మధ్యలో ఆగడం నేర్చుకున్నాను. ఒకటి చెబుతాను. ఆఖరి బెంచీ అబ్బాయి ఒకరోజు రాలేదు. మర్నాడు ఎందుకు రాలేదని ఇంగ్లీష్‌లో అడిగితే లేచి నిలబడి, ‘ఐ డిడ్ నాట్ కేమ్ మేడం’ అన్నాడు. అంతకుముందైతే ‘కేమ్ కాదు, కమ్’ అని దిద్ది ముందుకు వెళ్ళేదాన్ని. అలా చాలాసార్లు దిద్దాను, మర్నాడు మళ్ళీ అదే తప్పు. ఆ రోజు మాత్రం అతని మాటే బోర్డు మీద రాసి, పక్కన వాళ్ళు ఇంట్లో మాట్లాడే మాటలు రాశాను. ‘వచ్చిన, రాలే. తిన్న, తినలే. పోయిన, పోలే.’

‘పోయినలే అంటామా?’ అని అడిగాను. నవ్వారు. అనం అన్నారు. ఎందుకనం? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు వరుసలో ఒక అమ్మాయి, ‘లే వచ్చినంక ముందు మాట చిన్నగైంది మేడం’ అంది. నాకు ఒళ్ళు పులకరించింది. ‘లే’ అనే మాట జరిగిపోయిన సంగతిని తనే మోస్తోంది కాబట్టి అసలు క్రియకి ఆ బరువు అక్కర్లేదు. ఇంగ్లీష్‌లో ఆ పని ‘డిడ్’ చేస్తుంది. డిడ్ నాట్ కమ్, డిడ్ నాట్ ఈట్, డిడ్ నాట్ గో. ఆ అబ్బాయే వచ్చి మూడూ బోర్డు మీద రాశాడు. ఆ తప్పు ఆ తరగతిలో పూర్తిగా పోలేదు గానీ, ఎవరైనా అంటే పక్కవాళ్ళు ‘పోయినలే, పోయినలే’ అని గుర్తుచేసేవాళ్ళు.

రిటైర్డ్ హెచ్ఎం: బాగుందమ్మా, చాలా బాగుంది. కానీ నాకొక భయం ఉంది. ఇంగ్లీష్ క్లాసులో తెలుగుకి తలుపు తీస్తే, వాక్యం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, అదే పాఠమైపోతుంది. పిల్లాడు ఇంగ్లీష్ వినడం మానేసి తెలుగు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాడు. నేను కళ్ళారా చూశాను. పైగా ఇప్పుడు అవసరం ఎక్కువైంది. తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీష్ మీడియం మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు. సైన్స్ అర్థం కావాలన్నా ఇంగ్లీషే కావాలి. రోజులో పిల్లాడు ఇంగ్లీష్ వినేది ఆ కొద్దిసేపే, దాన్ని కూడా పోగొడితే ఎలా?

ఛాత్రోపాధ్యాయిని: నేను అనువాదం చేయలేదు సార్. రెండు భాషలు పక్కపక్కన పెట్టి చూపించాను. మిగతా పీరియడ్ ఇంగ్లీష్‌లోనే నడిచింది.

అధ్యాపకురాలు: ఇద్దరూ చెప్పిందీ నిజమే, అయితే ఎక్కడ వాడాలో తెలియడమే కష్టం. ఆర్టికల్స్ చూడండి. తెలుగులో లేవంటాం. కానీ కథ చెప్పేటప్పుడు ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు’ అంటాం. మొదటిసారి ‘ఒక’, తెలిసిపోయాక ‘ఆ’. ఇంగ్లీష్‌లో ‘ఎ కింగ్’, తర్వాత ‘ద కింగ్’ వచ్చేది అక్కడే. పిల్లలకి వెంటనే పట్టుబడుతుంది. అదే నమ్మకంతో ముందుకు వెళ్తే బోల్తా పడతాం. ‘నేను టీచర్‌ని’ అన్నప్పుడు మనకి ‘ఒక’ అక్కర్లేదు, ఇంగ్లీష్‌కి మాత్రం ‘ఎ’ కావాలి. మన పిల్లలు ‘ఐ యామ్ టీచర్’ అనేది అందుకే. తెలుగు ఎంతవరకు తోడొస్తుందో, ఎక్కడ చెయ్యి వదిలేస్తుందో టీచర్‌కి ముందే తెలిసి ఉండాలి.

ఇంకో దారి కూడా ఉంది. ఇంగ్లీష్ బోధన నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు ప్రాజెక్టు నడిపారు. దక్షిణాదిలోని మామూలు బడుల్లోనే వ్యాకరణం విడిగా చెప్పకుండా, పిల్లలకి పని ఇచ్చారు. రైల్వే టైమ్‌టేబుల్ ముందు పెట్టి, ఫలానా ఊరికి ఫలానా వేళకి చేరాలంటే ఏ బండి ఎక్కాలని అడిగారు. పిల్లల బుర్ర బండి మీద ఉంటుంది, భాష దానంతట అది లోపలికి వెళ్తుంది. ప్రపంచమంతా ఇంగ్లీష్ టీచర్లు ఆ ప్రాజెక్టు గురించి చదువుకుంటారు. మన పక్క రాష్ట్రంలో జరిగింది, మన బీఎడ్ గదుల్లో ఒక షార్ట్ నోట్‌గా మిగిలింది.

వ్యాఖ్యాత: మీరు అలాంటి పని ఏదైనా ఇచ్చారా?

ఛాత్రోపాధ్యాయిని: నేను ఇవ్వలేదండీ, పత్తి ఇచ్చింది. దసరా సెలవులు అయ్యాక బడి తెరిస్తే సగం బెంచీలు ఖాళీ. పత్తి ఏరడానికి వెళ్ళారు. మా వైపు అది మామూలే, కిలోకి ఇంత అని కూలి ఇస్తారు, ఇంట్లో ఎంతమంది వెళ్తే అంత. తిరిగొచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ఉంది. అప్పటివరకు తరగతిలో ఆమె గొంతు నేను వినలేదు. హాజరు పలికేటప్పుడు కూడా చెయ్యి ఎత్తేది. వేళ్ళ చివర్లన్నీ గీరుకుపోయి ఉన్నాయి. ఏమైందని అడిగితే, ఎండిన కాయ డొప్పల మొనలు గుచ్చుకుంటాయని చెప్పింది.

ఆ రోజు పుస్తకం తెరవలేదు. ఒక పని ఎలా చేస్తారో వరుసగా రాయడం సిలబస్‌లో ఉన్నదే. పత్తి ఎలా ఏరుతారో నాకు తెలియదు, మీరే ఇంగ్లీష్‌లో చెప్పాలి అన్నాను. మిర్యాలగూడ టౌన్‌లో పెరిగాను, నాకు నిజంగానే తెలియదు. మొదట తెలుగులో చెప్పుకున్నారు, తర్వాత ఒక్కొక్క మాటకి ఇంగ్లీష్ వెతుక్కున్నారు. ఫస్ట్, దెన్, ఆఫ్టర్ దట్. పొద్దున్నే మంచు ఉండగా ఏరితే పత్తి తడిగా ఉంటుందని ఒకరు, తడి పత్తి రేటు తగ్గిస్తారని ఇంకొకరు. ‘బికాజ్’ అవసరం అక్కడ పడింది. వారం రోజులుగా నేను ఉదాహరణలు ఇస్తున్నా ఎవరూ వాడని మాట అది.

రిటైర్డ్ హెచ్ఎం: బడి మానిపించి పనికి పంపడం మాత్రం బాధాకరం. ఆ రోజుల్లో ఇళ్ళకి తిరిగి బతిమాలి తెచ్చేవాళ్ళం.

ఛాత్రోపాధ్యాయిని: నాకూ బాధే సార్. మా మెంటార్ టీచర్, నేను ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి మాట్లాడాం. రెండో ఏరుడికి పంపలేదు.

వ్యాఖ్యాత: ఆమె ఏం రాసింది?

ఛాత్రోపాధ్యాయిని: తొమ్మిది వాక్యాలు. ఎవరిదీ చూసి రాసింది కాదు. పత్తి ఏరేవాళ్ళు నడుముకి గుడ్డతో ఒడి కట్టుకుంటారు కదా, దానికి ఇంగ్లీష్ ఏమిటని అడిగింది. నాకు తట్టలేదు, నాకు రాదని చెప్పాను. అలాగే ఉంచేసుకుందాం అంది. ఇంగ్లీష్ అక్షరాల్లో ‘ఒడి’ అని రాసి, పక్కన ‘నడుముకి కట్టుకునే గుడ్డ సంచి’ అని ఇంగ్లీష్‌లో వివరం రాయబోయి ఆగింది. ‘వేస్ట్ స్పెల్లింగ్ ఏది మేడం, పారేసేదా, నడుమా?’ అని అడిగింది. రెండూ ఒకేలా పలుకుతాయని నేను ఎప్పుడూ చెప్పలేదు.