సాక్షి గుమ్మంలో ఉండగా వాయిదానా?

యాంకర్: సివిల్ దావాలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వొద్దని సివిల్ కేసులు నడిపే చట్టం సీపీసీలోని ఆర్డర్ 17 చెబుతోంది. మరి ఎందుకు ఆగట్లేదు, జడ్జిగారూ?

రిటైర్డ్ జడ్జి: ఆ మూడు రాతిగీత కాదని 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టే అంది. భోపాల్ గ్యాస్, గుజరాత్ భూకంపం, సునామీ లాంటివి మీదపడితే నాలుగోదీ ఇవ్వొచ్చంది. సునామీకని పెట్టిన సందులోంచి ఇవాళ మేనకోడలి ఓణీల ఫంక్షన్ కూడా దూరిపోతోంది!

కక్షిదారు: వీలునామా మీద సంతకం పెట్టిన సాక్షి మా మేనమామ. 78 ఏళ్లు. రెండు బస్సులు మారి క్రాస్‌కి, అంటే అవతలి లాయర్ అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పడానికి, వచ్చాడు. అవతలి జూనియర్ లాయర్ లేచి ‘సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారండి’ అన్నాడు. అంతే, వాయిదా. రెండోసారీ అదే మాట. మూడోసారి బస్సెక్కలేనంటే కారు మాట్లాడాం, కిరాయి రెండు వేలు. వాయిదా అడిగినవాళ్లు కట్టాల్సిన ఖర్చులు, అదే కాస్ట్స్ కింద, మాకిచ్చింది మూడొందలు.

లాయర్: జూనియర్‌గా ఆ మాట నేనూ బోలెడుసార్లు అన్నాను, దాచడమెందుకు.

రిటైర్డ్ జడ్జి: అది కారణమే కాదని రూల్లో రాసి ఉందయ్యా! ప్లీడరుకి ఒంట్లో బాగాలేదన్నా సరే, ఇంకొకర్ని పెట్టుకునే వ్యవధి కక్షిదారుకి లేదని తేలాలి. సాక్షి వచ్చి, అవతలి పక్షం సిద్ధంగా లేకపోతే క్రాస్ లేకుండానే ముగించే అధికారం కోర్టుకుంది.

లాయర్: ముగిస్తే మర్నాడే సాక్షిని మళ్లీ పిలవమని రీకాల్ పిటిషన్ వేస్తాం. దాన్ని కొట్టేస్తే, ఆ ఆర్డర్ సరిచేయమని హైకోర్టులో రివిజన్. ఆ తిరుగుడు కంటే ఒక వాయిదా ఇస్తేనే నయమనుకునే జడ్జీలున్నారు.

రిటైర్డ్ జడ్జి: నేనూ అనుకున్నాను, తప్పే. 2011లో శివ్ కోటెక్స్ కేసు చూడండి. మూడుసార్లు అవకాశమిచ్చినా వాది సాక్ష్యం తేలేదు, దావా కొట్టేశారు. సుప్రీంకోర్టు ఆ కొట్టివేతనే నిలబెట్టింది. నన్నడిగితే లెక్క మూడు దగ్గర మొదలవకూడదు. సాక్షి గుమ్మంలో ఉంటే మొదటిదే ఇవ్వొద్దు. ఆపరేషనయిందని కాగితం చూపిస్తే నాలుగోదైనా ఇవ్వండి, కారణం మాత్రం డాకెట్‌లో, అంటే కేసు రోజువారీ రికార్డులో, రాయండి. ‘రిక్వెస్ట్ మీద’ అని గీకి వదిలేస్తే పై కోర్టుకేం తెలుస్తుంది?

యాంకర్: మీ మేనమామ క్రాస్ అయిందా?

కక్షిదారు: మంచాన పడ్డాడండి. కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే లాయర్‌ని, అదే అడ్వకేట్ కమిషనర్‌ని, ఇంటికే పంపమని పిటిషన్ వేశాం. దానికి జవాబు, అదే కౌంటర్, వేయడానికి అవతలివాళ్లు టైమ్ అడిగారు.